లేబులు మీద తెల్లకాగితం

ఏడంగుళాల వెడల్పున్న నల్లటి రికార్డు. నిమిషానికి 45 చుట్లు తిరిగేది. అందులో ఉన్న పాట మూడు నిమిషాలైనా ఉండదు. 2009లో వేలానికి పెడితే 25,742 పౌండ్లకు పోయింది. అప్పటి లెక్కన సుమారు 19 లక్షల రూపాయలు. 2020లో అదే పాట రికార్డు ఒకటి లక్ష పౌండ్లు దాటి చేతులు మారింది. దగ్గర దగ్గర కోటి రూపాయలన్నమాట!

ఆ పాడినాయన మహా పేరున్న గాయకుడేమో అనుకుంటున్నారా? కాదు. పేరు ఫ్రాంక్ విల్సన్. పాట పేరు 'డు ఐ లవ్ యూ'. 1965 చివర్లో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో, ప్రఖ్యాత మోటౌన్ కంపెనీ తన 'సోల్' అనే లేబులు కింద విడుదల చేద్దామనుకుంది. ముందుగా రేడియోలకి పంపడానికి 250 దాకా నమూనా రికార్డులు అచ్చువేశారు. విల్సన్ ఆ కంపెనీలోనే పాటలు రాసేవాడు, రికార్డింగులు చేయించేవాడు. మైకు ముందు నిలబడటం కంటే మైకు వెనక ఉండటమే మేలనుకున్నాడు. విడుదల ఆగిపోయింది. అచ్చయిన రికార్డుల్ని నాశనం చేసేశారు. ఎలాగో మిగిలి బయటపడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

మరి పాడినవాడే వద్దనుకున్న పాట, కంపెనీ పారేసిన పాట, రేడియోలో రాని పాట ప్రపంచానికి ఎలా తెలిసింది? విమర్శకులు కనిపెట్టలేదు. కంపెనీవాళ్లకి జ్ఞానోదయమూ కాలేదు. ఈ పనంతా సముద్రానికి అవతల, ఇంగ్లాండు ఉత్తర భాగంలోని మిల్లుల ఊళ్లలో శనివారం రాత్రుళ్లు పాటలు వేసే కొందరు డీజేలు చేశారు. ఈ వారం ఆ వేటగాళ్ల కథే.

శనివారం రాత్రి, సారా లేని హాలు

మాంచెస్టర్ అంటే నూలు మిల్లులు. విగన్ అంటే బొగ్గు గనులు. స్టోక్ అంటే పింగాణీ. వారమంతా ఒళ్లు హూనం చేసుకున్న కుర్రకారుకి శనివారం రాత్రి ఒక్కటే సొంతం. మాంచెస్టర్‌లో 1963లో మొదలైన 'ట్విస్టెడ్ వీల్' అనే క్లబ్బు వాళ్లకి తెల్లవార్లూ ఆడుకునే చోటు ఇచ్చింది. మద్యం అమ్మేవారు కాదు. తాగడానికీ, అమ్మాయిల్ని చూడటానికీ కాదు, అచ్చంగా ఆడటానికే వచ్చేవారు. నేల జారడానికి పౌడరు చల్లుకుని, బొంగరంలా తిరిగి, వెనక్కి పడి, మళ్లీ తాళం తప్పకుండా లేచేవారు.

వాళ్లకి నచ్చిన సంగీతం ఒకటే. 1960ల మధ్యలో అమెరికా నల్లజాతివాళ్లు పాడిన సోల్ పాటలు. చర్చిలో దేవుడి కోసం పాడే గొంతుని ప్రేమ కోసం, ఎడబాటు కోసం వాడితే వచ్చిందే సోల్. డ్రమ్ము మాత్రం గుర్రంలా పరిగెత్తాలి. గొంతులో ఏడుపుండాలి, కాలికింద ఉత్సాహముండాలి. ఇదీ వాళ్ల కొలత.

చిక్కెక్కడొచ్చిందంటే, 1970 వచ్చేసరికి అమెరికా ఆ సంగీతాన్ని వదిలేసింది. జేమ్స్ బ్రౌన్ బాటలో ఫంక్ అనే కొత్త తరహాకి వెళ్లిపోయింది. లండన్ కూడా దాని వెంటే వెళ్లింది. ఉత్తరాది కుర్రాళ్లు మాత్రం ససేమిరా అన్నారు. లండన్‌లో 'సోల్ సిటీ' అనే రికార్డుల కొట్టు నడిపిన డేవ్ గాడిన్ ఈ సంగతి పసిగట్టాడు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లకని లండన్ వచ్చిన ఉత్తరాది కుర్రాళ్లు కొట్టుకొచ్చి కొత్త రికార్డుల వంక చూడరు. పాతవే అడుగుతారు. కొట్లో పనిచేసేవాళ్లకి గుర్తుగా ఉంటుందని వాటికి 'నార్తర్న్ సోల్' అని పేరు పెట్టాడు. అంటే 'ఉత్తరాది సోల్'. పాడింది ఉత్తరాదివాళ్లు కాదు, విన్నది ఉత్తరాదివాళ్లు! పాడినవాళ్ల ఊరిని బట్టి కాక విన్నవాళ్ల ఊరిని బట్టి పేరొచ్చిన సంగీతం ఇంకోటి ఉందో లేదో. 1970లో 'బ్లూస్ అండ్ సోల్' పత్రికలో గాడిన్ రాసిన శీర్షికతో ఆ పేరు నిలబడిపోయింది.

సరే, పేరొచ్చింది. సరుకేదీ? ఆ తరహా పాటలు ఎవరూ కొత్తగా చేయటం లేదు. ఉన్న పాతవి ప్రతివారం అవే వేస్తే జనానికి మొహం మొత్తుతుంది. మిగిలిన దారి ఒకటే. ఎవరూ వినని పాతవాటిని తవ్వి తీయాలి.

ఓడిపోయినవాళ్ల ఖజానా

ఇక్కడ కొంచెం లెక్క చెప్పుకోవాలి. 1960ల మధ్యలో మోటౌన్ కంపెనీ పాటలు అమెరికా అంతా మోగిపోయాయి. అది చూసి డెట్రాయిట్, షికాగో, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్ నగరాల్లో వందలాది చిన్న కంపెనీలు పుట్టాయి. ఒక గది, ఒక ఫోను, అద్దెకి తీసుకున్న స్టూడియో, పొద్దున ఫ్యాక్టరీకెళ్లి సాయంత్రం పాడే గాయకుడు. కొన్ని వందలో, వెయ్యో రికార్డులు అచ్చువేయడం. ఊళ్లో రేడియోవాడు వేస్తే అదృష్టం. వేయకపోతే అంతే సంగతులు. రేడియోకి డబ్బివ్వగలిగే తాహతు వీళ్లకి లేదు, దేశమంతా సరుకు పంపే ఏర్పాటూ లేదు. అలా పోయిన పాటలు అన్నీ చెడ్డవి కావు. చాలావాటిలో వాయించినవాళ్లు మోటౌన్ వాద్యగాళ్లే. పగలు అక్కడ, రాత్రి రహస్యంగా ఇక్కడ.

ఓడిపోయిన రికార్డులు ఏమవుతాయి? గోడౌన్లలో మూలుగుతాయి. లేబులు మీద చిన్న చిల్లు పొడిచి, 'ఇది కొట్టేసిన సరుకు' అని గుర్తు పెట్టి, కారు చౌకగా తోలేస్తారు. పాత సామాన్ల కొట్లలో చినిగిన చొక్కాల పక్కన, విరిగిన కుర్చీల పక్కన పెట్టెలకొద్దీ పడుంటాయి.

ఆ పెట్టెల మీద పడ్డారు మనవాళ్లు. బ్లాక్‌పూల్‌కి చెందిన ఇయాన్ లెవిన్ కలవారి బిడ్డ. ఇంట్లోవాళ్లతో సెలవులకి మయామీ వెళ్లేవాడు. అందరూ సముద్రం ఒడ్డుకెళితే, ఈయన ధర్మసంస్థలు నడిపే పాత సామాన్ల కొట్లకెళ్లి వేలకొద్దీ రికార్డులు ఏరుకొచ్చాడు. రిచర్డ్ సెర్లింగ్ 1973లో అమెరికా వెళ్లి కట్టలు కొనుక్కొచ్చాడు. కింగ్స్ లిన్ అనే ఊళ్లో జాన్ ఆండర్సన్ 'సోల్ బౌల్' పేరుతో అమెరికా గోడౌన్లని టోకున కొని తెప్పించేవాడు. అక్కడ సరుకు దిగిందంటే డీజేలు బారులు తీరేవారు.

వేలకొద్దీ రికార్డుల్ని ఒక్కొక్కటే వినడానికి టైమెక్కడిది? అందుకే లేబుల్ని చదవడం ఒక విద్యగా నేర్చుకున్నారు. గాయకుడి పేరు ఎటూ తెలియదు. కింద చిన్న అక్షరాల్లో వాద్యాలు కూర్చినవాడి పేరు చూసేవారు. ఏ ఊరు? ఏ సంవత్సరం? కంపెనీ నంబరెంత? 1965, 66 ప్రాంతం, డెట్రాయిట్ చిరునామా, వాద్యాలు కూర్చినవాడు తెలిసినవాడు అయితే సంచీలో వేసుకోవడమే. నాడి పట్టి రోగం చెప్పే వైద్యుడిలా లేబులు చూసి పాట చెప్పేవారు. ఇంకో సూత్రం కూడా ఉంది. రెండో వైపు తప్పకుండా వినాలి. కంపెనీ నమ్ముకున్న పాట ముందు వైపు ఉంటుంది. కంపెనీ ఏదో ఒకటిలే అని నింపేసింది వెనకవైపు ఉంటుంది.

ఈ రెండో వైపు మహిమ తెలియాలంటే గ్లోరియా జోన్స్ కథ ఒక్కటి చాలు. ఎడ్ కాబ్ రాసిన 'టెయింటెడ్ లవ్' పాట ఆమె పాడితే 1965లో రికార్డు వెనకవైపు వేశారు. ముందువైపు పాటా ఆడలేదు, వెనకదీ ఆడలేదు. ఎనిమిదేళ్ల తరవాత సెర్లింగ్ అమెరికా నుంచి తెచ్చిన కట్టలో ఆ రికార్డుంది. బోల్టన్‌లోని 'వా వాస్' క్లబ్బులో వేశాడు. తరవాత విగన్‌లో వేశాడు. ఉత్తరాది అంతా ఊగిపోయింది.

తెల్లకాగితం మహత్యం

దొరకడం వేరు, వేయడం వేరు. అసలు పరీక్ష ఇక్కడే. తెలిసిన పాటకి జనం పరిగెత్తుకొస్తారు. తెలియని పాట వేస్తే పక్కకెళ్లి నిలబడతారు. నిండుగా ఉన్న హాలు ఒక్క నిమిషంలో ఖాళీ అయిపోతుంది. డీజేకి అంతకంటే అవమానం లేదు. అయినా నమ్మకమున్నవాడు వచ్చేవారం మళ్లీ వేస్తాడు. మూడోవారమూ వేస్తాడు. నాలుగోవారం ఇద్దరు కాలు కదుపుతారు. ఆ తరవాత అదే పాట కోసం వంద మైళ్ల నుంచి బస్సెక్కి వస్తారు. కనిపెట్టడమంటే కొట్లో కొనడం కాదు, ఖాళీ హాలుని భరించడం అని నాకనిపిస్తుంది.

ఇంత కష్టపడి నిలబెట్టిన పాట మర్నాడు పక్క ఊరి డీజే వేసేస్తే? అందుకని ఒక చిట్కా కనిపెట్టారు. లేబులు మీద తెల్లకాగితం అంటించేయడం. గాయకుడికి ఒక దొంగ పేరు, పాటకి ఒక దొంగ పేరు పెట్టి ప్రకటించడం. పోటీవాడు ఆ పేరుతో అమెరికా అంతా వెతికి వెతికి అలిసిపోతాడు! దీన్ని 'కవరప్' అనేవారు.

నిజానికి ఈ చిట్కా వీళ్ల సొంతం కాదు. 1950ల్లోనే జమైకాలో వీధి పాటలపెట్టెలు నడిపే ఆసాములు ఈ పని చేశారు. కింగ్‌స్టన్‌లో కాక్సన్ డాడ్ అనే ఆయన విల్లిస్ జాక్సన్ వాయించిన ఒక శాక్సోఫోన్ రికార్డు లేబులు గీకేసి, 'కాక్సన్ హాప్' అని తన పేరే పెట్టుకుని ఊళ్లో ఏలాడు. పోటీదారుడు డ్యూక్ రీడ్ చివరికి దాని గుట్టు కనిపెట్టి తన పెట్టెలోనూ మోగించాడు. కాక్సన్ నోట మాట రాలేదంటారు. జమైకా నుంచి న్యూయార్క్ వెళ్లిన కూల్ హెర్క్, హిప్‌హాప్‌కి ఆద్యుడు, రికార్డుల్ని నీళ్లలో నానబెట్టి లేబుళ్లు ఊడదీసేవాడు. హెర్క్ పేరు చరిత్రకెక్కిన విందు 1973 ఆగస్టులో. 'విగన్ కాసినో'లో మొదటి తెల్లవార్ల ఆట అదే ఏడాది సెప్టెంబరు 23న. ఒకరికొకరు తెలియరు. పాత రికార్డుకి కొత్త ప్రాణం పోయడమే ఇద్దరి పనీనూ.

విగన్ కాసినో పేరుకి కాసినోయేగాని జూదం లేదు. పాతకాలపు నాట్యశాల. రాత్రి రెండింటికి తలుపులు తీస్తే ఆదివారం పొద్దున ఎనిమిదింటిదాకా ఆట. చివర మూడు పాటలు ఎప్పుడూ అవే. 'త్రీ బిఫోర్ ఎయిట్' అని వాటికి పేరు. కాసినో మొదలుపెట్టిన డీజే రస్ విన్‌స్టాన్లీ. 1970ల చివర్లో అక్కడ ఎడ్డీ ఫాస్టర్ అనే గాయకుడి పాట ఒకటి హోరెత్తింది. ఎవరీ ఎడ్డీ ఫాస్టర్? ఎవరికీ తెలియదు. ఊహించే ఉంటారు. అది ఫ్రాంక్ విల్సన్‌కి అంటించిన తెల్లకాగితం. మోటౌన్ దాచుకున్న కాపీ బయటికొచ్చి, దొంగపేరుతో ఇంగ్లాండు చేరింది. 1979లో మోటౌన్ కంపెనీ బ్రిటన్‌లో దాన్ని సొంత పేరుతో విడుదల చేయక తప్పలేదు. పారేసిన పద్నాలుగేళ్లకి!

పాతదా, మంచిదా?

వేటగాళ్ల మధ్య గొడవలు లేవనుకునేరు. బ్లాక్‌పూల్ మెక్కాలో పాటలు వేసే లెవిన్, ఆయన జోడీ కోలిన్ కర్టిస్ 1970ల మధ్యలో ఒక తిరుగుబాటు చేశారు. ఫ్లోరిడాలో రేడియోలో విన్న 'కార్‌స్టైర్స్' బృందం పాట కోసం పట్టుబట్టి వెతికి తెచ్చి వేశాడు లెవిన్. అది 1973 నాటిది. కొత్త పాట! విగన్ భక్తులకి ఒళ్లు మండింది. 'లెవిన్ పోవాలి' అని బ్యానర్లు కట్టారు. మేము ఇష్టపడేది 1960ల తాళాన్నని ఒక వర్గం. గొంతులో నిజాన్నని రెండో వర్గం. పాత సినిమా పాటలే పాటలనేవాళ్లకీ, మంచిది ఎప్పుడొచ్చినా మంచిదే అనేవాళ్లకీ మన ఇళ్లలో జరిగే వాదనే ఇది. తేడా అల్లా, అక్కడ బ్యానర్లు కట్టారు.

ఈ కథలో చీకటి కూడా ఉంది. తెల్లవార్లూ ఆడటానికి ఒంట్లో శక్తి చాలక కుర్రాళ్లు ఉత్తేజం కలిగించే మాత్రలు మింగేవారు. వాటికోసం మందుల షాపులు పగలగొట్టారు. పోలీసులు క్లబ్బుల మీద కన్నేశారు. ట్విస్టెడ్ వీల్ 1971లో, స్టోక్‌లోని 'గోల్డెన్ టార్చ్' 1973లో మూతపడ్డాయి. ఆ రాత్రుళ్లని బంగారు పూతతో చెప్పేవాళ్లు ఇది దాటేస్తుంటారు.

పాడినవాళ్లకేం మిగిలింది?

ఇప్పుడు అసలు ప్రశ్న. రికార్డు లక్ష పౌండ్లకు పోతే పాడినవాడికెంత?

సున్నా. పాత రికార్డు చేతులు మారితే డబ్బు అమ్మినవాడిది. అచ్చులో ఒకసారి అమ్ముడైనప్పుడు రావాల్సిందేదో రావాలి, ఆ తరవాత ఎన్నిసార్లు అమ్మినా గాయకుడికి పైసా ముట్టదు. దొంగ అచ్చులు వేసినవాళ్లు ఎటూ ఇవ్వరు. పైగా తెల్లకాగితం అంటించడమంటే, అసలే పేరు రాని మనిషికి ఉన్న ఆ కాస్త పేరు కూడా చెరిపేయడం. ప్రేమతో చేసిన పనే కావచ్చు, అన్యాయం అన్యాయమే. విగన్‌లో వేలమంది తన పాటకి గిరగిర తిరుగుతున్న రాత్రి, ఆ పాడినాయన ఏ కార్ల ఫ్యాక్టరీలోనో రాత్రి షిఫ్టు చేస్తుండొచ్చు.

అయితే మేలు జరగలేదని కాదు. క్లబ్బుల్లో గిరాకీ చూసి కంపెనీలు పాతవాటిని సక్రమంగా మళ్లీ విడుదల చేయసాగాయి. 'టామ్స్' బృందం 1964లో పాడిన పాట 1971లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. షికాగో గాయకుడు మేజర్ లాన్స్ 1972 డిసెంబరులో గోల్డెన్ టార్చ్‌లో పాడితే కుర్రాళ్లు ప్రతి పదం కలిసి పాడారు. సొంత దేశంలో వెలుగు తగ్గిన మనిషికి పరాయి దేశంలో బ్రహ్మరథం. ఆ కచేరీ ఎల్పీగా కూడా వచ్చింది.

ఇక 'టెయింటెడ్ లవ్'. ఉత్తరాది క్లబ్బుల్లో దాన్ని విన్న డేవ్ బాల్, మార్క్ ఆల్మండ్‌తో కలిసి 'సాఫ్ట్ సెల్' పేరిట 1981లో కొత్తగా చేస్తే బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికా పట్టికలో 43 వారాలు నిలిచింది. కాని ఇంకొకరు మళ్లీ పాడితే రాయల్టీ వచ్చేది రాసినవాడికి, మొదట పాడిన మనిషికి కాదు. తమాషా ఏమిటంటే సాఫ్ట్ సెల్ వాళ్లకీ రచన డబ్బులు రాలేదు. రికార్డు వెనకవైపు కూడా సొంత పాట వేసుకోకుండా ఇంకొకరి పాటే వేశారు మరి! రెండో వైపు ప్రతీకారం తీర్చుకుందేమో.

1982లో లండన్‌లో మొదలైన 'కెంట్' లేబులు ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టింది. హక్కులున్నవాళ్లని వెతికి, ఒప్పందం రాసుకుని, అసలు టేపులు తీసి, పాడినవాళ్లెవరో, వాళ్ల కథేమిటో అట్టమీద అచ్చువేసి విడుదల చేసింది. తెల్లకాగితం ఊడదీసి పేరు మళ్లీ రాయడమన్నమాట. డీజేలు తెరిచిన తలుపులోంచే అదీ వచ్చింది.

మనకీ ఇలాంటి వేటగాళ్లున్నారు. మద్రాసులో వి.ఎ.కె. రంగారావు గారు గ్రామఫోను రికార్డుల్ని వేలకొద్దీ సేకరించబట్టే తొలినాటి తెలుగు గొంతులు ఎన్నో మనకి వినపడ్డాయి. ఆయన చేసిన ఇంకో మంచి పని, ఎవరు పాడారు, ఎవరు రాశారు, ఏ ఏడు అని అందరికీ చెప్పడం. దాచుకోవడం కంటే అదే పెద్ద సేవ.

విగన్ కాసినో 1981 డిసెంబరు 6న ఆఖరిసారి ఆడింది. చివరి మూడు పాటలూ అయిపోయాయి. జనం కదల్లేదు. మళ్లీ అవే వేశారు. అయినా కదల్లేదు. అప్పుడు విన్‌స్టాన్లీ ఒక రికార్డు తీసి పెట్టాడు. ఫ్రాంక్ విల్సన్ 'డు ఐ లవ్ యూ'. అది విని ఏడుస్తూ ఇళ్లకెళ్లారు. మరుసటి ఏడు మంటలంటుకుని ఆ భవనం పాడైంది. ఆ తరవాత కూలగొట్టారు. విల్సన్ 2012లో కన్నుమూశాడు. పాట మాత్రం ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక శనివారం మోగుతూనే ఉంది.

మీ అటక మీదా, తాతగారి ట్రంకుపెట్టెలోనూ పాత ప్లేట్లుంటే, పాత సామాన్లవాడి తక్కెట్లో వేసేముందు ఒక్కసారి దుమ్ము తుడిచి లేబులు చదవండి. కోటి రూపాయలు వస్తాయని చెప్పను. ఎవరో ఒకరు ప్రాణం పెట్టి పాడి ఉంటారు. ఇంతవరకూ ఎవరూ విని ఉండకపోవచ్చు. రెండో వైపు కూడా తిప్పి చూడండి.